మాగిన గదికి ఏ రంగు

చిత్తూరు బస్టాండు దగ్గర ఫ్యాన్సీ స్టోరు మిద్దె మీద చక్రధర్ కంప్యూటర్ సెంటరు ఉండేది. కింద గాజులు, రిబ్బన్లు; పైన ప్రోగ్రాములు. చుట్టుపక్కల పాల కేంద్రాలకూ, బెల్లం మండీలకూ, ఎరువుల దుకాణాలకూ కావలసిన ప్రోగ్రాములు చక్రధర్ విజువల్ బేసిక్‌లో రాసిచ్చేవాడు. ఆయన దగ్గర ఇద్దరు ముగ్గురు పనిచేసిపోయారు గానీ నిలిచింది సంతపేట కృపామణి ఒక్కతే. ఆమె నిలిచింది లెక్క వచ్చినందుకు కాదు, రంగు వచ్చినందుకు.

లెక్క చక్రధర్‌ది, రంగు కృపామణిది. అదీ ఆ సెంటర్లో పని పంపకం. రంగులు పెట్టడం ఆడపిల్లల పనేనని చక్రధర్ నమ్మకం. ముగ్గులకూ కోడ్‌కూ తేడా ఆయనకు పెద్దగా కనపడలేదేమో. కృపామణి కూడా ఆ మాటకు నొచ్చుకోలేదు. రంగు పెట్టడమంటే ఏమిటో ఆయనకంటే తనకే బాగా తెలుసని ఆమె అనుకునేది.

ఆ రోజుల్లో ప్రోగ్రాము తెరిస్తే తెరంతా బూడిద రంగే. చేయించుకున్నవాళ్లకు అది నచ్చేది కాదు. "ఏందప్పా ఇది, సున్నం కొట్టని గోడ మాదిరి ఉండాది," అనేవారు. తెర మీద కనిపించే ప్రతి బొత్తాన్నీ, ప్రతి పెట్టెనూ, ప్రతి పేరు పట్టీనీ ఆ పనిలో కంట్రోల్ అంటారు. ఒక్కొక్క కంట్రోల్‌కూ వెనక రంగొకటి, అక్షరాల రంగొకటి ఉంటాయి. ప్రోగ్రాము తయారు చేసేటప్పుడే పక్కన తెరుచుకునే రంగుల పలకలో ఒకటి ఎంచి పెట్టేయవచ్చు. అది గోడకు రంగేసినట్టే, మళ్లీ ఎవరో ఒకరు వేసేదాకా మారదు. అలా కాకుండా, ప్రోగ్రాము నడుస్తుండగా పరిస్థితిని బట్టి రంగు దానంతటది మారాలంటే కోడ్‌లో రాయాలి. ఫలానా సంగతి జరిగితే ఫలానా పట్టీ బ్యాక్ కలర్ ఇక నుంచి ఎరుపు అని ఒక వరస. కృపామణికి ఇష్టమైన వరసలు అవే. రాసేటప్పుడు నల్లగా నాలుగు మాటలు, నడిపినప్పుడు తెర మీద రంగు. ఆ సంతోషం ఆమెకు ఎన్నిసార్లయినా తీరేది కాదు.

చేరిన కొత్తలో తప్పులు చేయకపోలేదు. రంగును అంకెల్లో రాసేటప్పుడు ఎరుపు ముందు, నీలం చివర అని వెబ్ పేజీల పాఠంలో నేర్చుకుని వచ్చింది. ఇక్కడ ఆ వరస తిరగబడి ఉంటుంది. ఒక పాల కేంద్రంలో విరిగిన పాల క్యాన్ల నంబర్లు ఎర్రగా రావలసింది, నిండు నీలంగా వచ్చాయి. ఆ కేంద్రం ప్రెసిడెంటు మీసం దువ్వుకుంటూ చాలాసేపు చూసి, "ఇవి కిష్టునికి నైవేద్యానికా?" అని అడిగాడు. ఆ మధ్యాహ్నమే ఆమె వరస తిరగేసి రాసుకుంది. అలాంటి తప్పు మళ్లీ చేయలేదు. మనిషి ఒక తప్పు దిద్దుకున్నాక ఇక తనకు అంతా వచ్చేసిందనుకుంటాడు. కృపామణి కూడా అలాగే అనుకుంది.

కృపామణి తండ్రి మునస్వామి లారీ డ్రైవరు. ఆమె హైస్కూల్లో ఉండగానే పోయాడు. తల్లి నాగులమ్మ పెళ్లయ్యాక భర్తతో పాటు చర్చికి పోవడం మొదలుపెట్టింది గానీ పేరు మాత్రం మార్చుకోలేదు. పాస్టరు రెండు మూడు మంచి పేర్లు చెప్పి చూశాడు. "పిలిచేవాళ్లకి అలవాటైపోయినాది లే అయ్యగారూ," అని ఆమె దాటేసింది. అక్షరాలు రావు. బస్సు మీది అంకెలు తెలుసు, అవి చాలు.

నాగులమ్మది పూతలపట్టు రోడ్డు మీది జ్యూస్ ఫ్యాక్టరీలో పని. పేరుకు జ్యూస్ ఫ్యాక్టరీ గానీ అక్కడ తీసేది మామిడి గుజ్జు. తోతాపురి కాయలు లారీల్లో వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు మిషన్లో వేస్తే పులుసు తప్ప ఏమీ రాదు కాబట్టి గదుల్లో పెట్టి మాగబెడతారు. మాగిన గది తెరిచి కాయలను బెల్టు మీదికి పంపుతారు. ఏ గది ముందు తెరవాలో చెప్పేది షెడ్డు మేస్త్రీ. ఏళ్ల తరబడి బెల్టు దగ్గర నిలబడి కుళ్లినవి ఏరిన నాగులమ్మను ఆ ఏడాది మేస్త్రీని చేశారు. బెల్టు దగ్గర ఆడవాళ్లకు కాయలొచ్చే కాలంలోనే పని, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. మేస్త్రీకి ఏడాది పొడుగునా పని ఉంటుంది. మామిడి అయిపోగానే ఇటుక బట్టీల వెంట తిరిగే బాధ నాగులమ్మకు ఇన్నేళ్లకు తప్పింది. ఆ సంబరంలో ఆమె వీధిలో ఇంటింటికీ కారాలు, మిక్చరు పంచింది.

సరిగ్గా ఆ ఏడాదే ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు గిరిప్రసాద్ వచ్చాడు. ఏ గదిలో కాయ ఎప్పుడు పెట్టారో, ఎప్పటికి మాగుతుందో కంప్యూటర్ చెప్పాలన్నాడు. ఆ పని చక్రధర్‌కు వచ్చింది. గదికొక పేరు పట్టీ, దాని మీద గది నంబరు. గుమాస్తా కాయ పెట్టిన తేదీ కొడితే, మిగతా లెక్క ప్రోగ్రాముది. లెక్క ఎప్పటిలాగే చక్రధర్ రాశాడు. పట్టీలకు రంగులు మార్చే కోడ్ కృపామణి రాసింది. మాగి సిద్ధంగా ఉన్న గదికి ఆకుపచ్చ, దాని మీద తెల్ల అంకె. ఇంకా మాగుతున్న గదికి పసుపు, దాని మీద నల్ల అంకె. మితిమీరి మాగిపోయిన గదికి ఎరుపు. ఖాళీ గదికి పాత బూడిద రంగే.

రోడ్డు మీద సిగ్నలు చూడని ఊరేముంది. ఆకుపచ్చ అంటే కానివ్వమని, పసుపు అంటే ఆగమని పుస్తకాల్లోనూ అదే ఉంది. చక్రధర్ చూసి బాగుందన్నాడు. గిరిప్రసాద్ తన గదిలో కూర్చుని చూసి బాగుందన్నాడు. షెడ్డులోవాళ్లను మాత్రం ఎవరూ పిలవలేదు. అద్దం కిటికీలోంచి వాళ్లకు కనిపించేలా ఒక మానిటర్ పెట్టించి, "రంగు చూసి గది తెరవండి, ఇంక కాయలు నొక్కుకుంటా కూర్చోబల్లేదు," అని మాత్రం చెప్పారు.

ఇంటికొచ్చాక నాగులమ్మ కూతురి పక్కన కూర్చుని అడిగింది.

"ఆ టీవీలో రంగులు నువ్వే పెట్టినావంట గదా?"

"నేనే మా."

"అట్లయితే నాకు బయం లేదు లే. నాకు చదువు రాదే, ఎట్లబ్బా అనుకుంటా ఉండినాను."

"చదువుతో పన్లేకుండానే పెట్టినా. ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు. సూస్తే తెలిసిపోతాది."

కొంప ముంచింది ఈ చివరి మాటే. ఏ రంగు దేనికో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ లేదు. చెప్పాలని ఆమెకు తోచలేదు. అడగాలని తల్లికీ తోచలేదు. చూస్తే తెలిసేదాన్ని అడగడమెందుకు? ఆ రాత్రి ఇద్దరూ హాయిగా నిద్రపోయారు.

కాయల కాలం ఊపందుకుంది. ఫ్యాక్టరీలో గుజ్జు తెల్లగా, పుల్లగా రావడం మొదలైంది. ఒక పక్క కాయ గదులు ఖాళీ అవుతుంటే మరో పక్క పండు గదుల్లోంచి రసం తలుపుల కిందికి కారి ఈగలు ముసిరాయి. గిరిప్రసాద్ చెడ్డవాడు కాదు, కానీ ఆయనకూ పైన యజమానులున్నారు. ప్రోగ్రాములోనే ఏదో తిరకాసుందని చక్రధర్‌ను పిలిపించాడు. చక్రధర్ రంగులది ఏమైనా తేడా ఉంటుందేమోనని కృపామణిని కూడా వెంట తీసుకుపోయాడు. తల్లి పనిచేసే చోటికి ఆమె లోపలిదాకా పోవడం అదే మొదటిసారి.

ఒక్కొక్క గదికీ తేదీ చూశారు, లెక్క చూశారు, రంగు చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎర్రబడిన గదులన్నీ తెరవకుండా వదిలేసినవి. చక్రధర్ ముఖంలోకి నెత్తురొచ్చింది.

"మా పక్క తప్పేమీ లేదండీ," అన్నాడు.

"అయితే షెడ్డు పక్కే," అని గిరిప్రసాద్ మేస్త్రీని పిలవమన్నాడు.

నాగులమ్మ వచ్చింది. తలకు తువ్వాలు, చేతుల మీద కాయ సొన మరకలు. కూతుర్ని చూసింది. చూసి, వెంటనే చూపు తిప్పేసింది. పెద్దవాళ్ల ముందు కూతుర్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక అలా చేసిందని కృపామణికి అర్థమైంది. తను కూడా పలకరించలేదు.

"రంగు చూసి తెరవమన్నాను గదా నాగులమ్మా?" అన్నాడు గిరిప్రసాద్.

"రంగు చూసే తెరిచినాను సార్."

"చూసి తెరిస్తే ఇట్లెందుకవుతుంది? ఆకుపచ్చ వచ్చిన గది తెరవాలి. పసుపుంటే ఆగాలి. అంతే గదా? రంగులు పెట్టిన మేడమ్ ఈమే, కావాలంటే అడుగు."

నాగులమ్మ అద్దంలోంచి తెర వంక చూసింది. తర్వాత చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నా కండ్లే బాగలేవు సార్. పొర కమ్మినట్టుండాది. ఒక రంగు ఇంకో రంగు మాదిరి అగపడింది. మేడమ్ పెట్టినవి సరిగానే ఉండాయి."

కన్నతల్లి నోట మేడమ్ అన్న మాట కృపామణి మొదటిసారి వింది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ పొద్దున్నే బియ్యంలో రాళ్లేరిన కళ్లవి. అయినా నోరు పెగల్లేదు. అమ్మ ఎందుకు అబద్ధమాడిందో తెలియదు, తెలియనిదాని మీద ఏం మాట్లాడాలో తెలియదు. ఆ పైన చక్రధర్ పక్కనే ఉన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, లేదని చెప్పడం దేనికి.

"కళ్లు కనపడకపోతే మేస్త్రీ పని ఎట్లా చేస్తావు? రేపటి నుంచి బెల్టు దగ్గర నిలబడు," అన్నాడు గిరిప్రసాద్. కోపంగా అనలేదు. అంతటితో ఏడాది పని కాయల కాలం పనయిపోయింది. నాగులమ్మ తలాడించి వెళ్లిపోయింది.

చక్రధర్‌కు మేనేజరు చల్లగా మ్యాంగో జ్యూస్ తెప్పించాడు. ఇద్దరూ ఫ్యాక్టరీ జీతాల ప్రోగ్రాము సంగతి మాట్లాడుకోసాగారు. కృపామణి గొంతు తడుపుకోవాలని బయటి కొళాయి దగ్గరికి పోయింది. అక్కడ కుప్పమ్మ ట్రేలు కడుగుతోంది. వాళ్ల వీధిలోనే ఇల్లు, నాగులమ్మతో పాటు పనికొచ్చే మనిషి.

"ఏం పాపా, మీయమ్మను దించేసినారంట గదా."

"గదులు తప్పు తెరిచింది గదక్కా. కాయ గది తెరిస్తే చేతికి తెలీదా?"

కుప్పమ్మ ట్రే కింద పెట్టింది.

"తెలీకుండా ఎట్ల ఉంటాది? తలుపు తీస్తానే వాసన తెలిసిపోయె. కాయ రాయి మాదిరి ఉండె. అక్కా, ఇది ఇంకా మాగలా అని నేనే చెప్పినాను. మీయమ్మ వింటే గదా. ఇది మా పాప పెట్టిన రంగు మే, మా పాపకి తెలీనిది మన ముక్కుకి తెలస్తాదా, పైన గట్టిగా ఉన్నా లోపల మాగింటాది అన్నది."

"తెరలో ఆ గది ఏ రంగుండె?"

"పసుపు రంగే. మేం చూస్తానే ఉంటిమి గదా. ఆకు రంగుంటే కాయ, పసుపు తిరిగితే పండు. దాంట్లో తెలీందేముండాది?"

కృపామణి కొళాయి కట్టేయడం మరిచిపోయింది. పుట్టినప్పటి నుంచి ఏటా ఎండాకాలమంతా మామిడి మధ్యే పెరిగింది. అటక మీద గడ్డిలో కాయలు పెట్టి, పసుపు తిరిగిందా అని రోజూ పొద్దున్నే ఎక్కి చూసిన పిల్ల. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ కళ్లు ఎక్కడో పెట్టేసి పుస్తకంలోని కళ్లు తగిలించుకుంది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా బాధేసింది. అమ్మ మోసపోయింది రంగు తెలియక కాదు. తన చేతిని, తన ముక్కును పక్కనపెట్టి కూతుర్ని నమ్మి.

లోపలికి పోయింది. చక్రధర్ జీతాల ప్రోగ్రాము గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"సార్, రంగులు తప్పు పెట్టినాను," అంది.

చక్రధర్ కనుబొమలు ముడిచాడు. గిరిప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు. ఆకుపచ్చ అంటే సరే అని లోకానికంతా తెలిసిందే గదా అన్నాడు.

"మీకూ నాకూ తెలుసు సార్. షెడ్డులో ఎవర్నయినా ఒకర్ని పిలవండి. మాగిన గదికి ఏ రంగు పెట్టాలో అడగండి."

అప్పుడే లారీ దించి నీళ్లు తాగడానికి వచ్చిన హమాలీ చెంగయ్య వాకిట్లో కనిపించాడు. గిరిప్రసాద్ అతన్నే పిలిచి అడిగాడు. చెంగయ్య ఒకసారి మేనేజరునూ, ఒకసారి కృపామణినీ చూశాడు. ఇంత చదువుకున్నవాళ్లు ఈ సంగతి తనను అడుగుతున్నారంటే ఇందులో ఏదో మెలిక ఉంటుందని అతని అనుమానం.

"మాగితే పసుపే గదా సార్," అన్నాడు చివరికి. "ఎందుకు, వేరేగా ఏమన్నా వచ్చిందా?"

గిరిప్రసాద్ అతన్ని పొమ్మన్నాడు. కృపామణి వైపు తిరిగాడు.

"మరి ఆమె కళ్లకు పొర అన్నది?"

"ఆమె కళ్లకేం కాలేదు సార్. తప్పు నాదని ఈడ నిలబడుకొన్నాకే ఆమెకు తెలిసింది. నా మీదికి రాకూడదని అట్ల చెప్పింది. ఆమె మా అమ్మ."

రంగులు మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. కోడ్‌లో ఆకుపచ్చ అన్నచోట పసుపు, పసుపు అన్నచోట ఆకుపచ్చ. నడిపి చూస్తే మాగిన గదుల నంబర్లు కనపడకుండా పోయాయి. ఆకుపచ్చ మీదికని పెట్టిన తెల్ల అంకెలు పసుపులో కలిసిపోయాయి. కృపామణి అక్షరాల రంగులు కూడా అటూ ఇటూ మార్చింది. ఈసారి కుప్పమ్మనూ, ఇంకో ఇద్దరినీ కిటికీ దగ్గరికి పిలిచి ఏ గది తెరవాలో చెప్పమంది. ముగ్గురూ ఒకే గది వైపు చేయి చూపారు.

తిరిగి వచ్చేటప్పుడు చక్రధర్ గుంతలు కూడా చూడకుండా స్కూటర్ తోలాడు. సెంటరు మెట్లెక్కుతూ, "నువ్వు ఊరికే ఉండుంటే జీతాల ప్రోగ్రాం కూడా మనకే వచ్చేది," అన్నాడు. ఆ ప్రోగ్రాము వాళ్లకు రాలేదు. ఆయన ఆమెను పనిలోంచి తీయలేదు గానీ చాలా రోజులు ముభావంగానే ఉన్నాడు. తర్వాతి ఏళ్లలో కృపామణి ఆయన్ను వదిలి వేరేచోట్ల పనిచేసింది, చివరికి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరి మిషన్ల తెరలకు రంగులు పెట్టింది. ఏ తెరకు రంగు పెట్టినా ముందు ఆ మిషన్ ముందు నిలబడే మనిషిని పిలిచి అడిగేది. అక్కడివాళ్లు దాన్ని ఆమె పిచ్చి అనుకునేవారు.

ఆ సాయంత్రమే నాగులమ్మను మళ్లీ మేస్త్రీని చేశారు. కూతురు బయటపెట్టిన సంగతి విని ఆమె సంతోషించలేదు, పైగా తిట్టింది. "నిన్ను ఎవురు చెప్పమనిరి? నేను బెల్టు కాడ నిలబడుకోలేనా?" అంటూనే కంచంలో అన్నం పెట్టింది. కృపామణి తల వంచుకుని తింది. అమ్మ ఇక తన రంగుల్ని నమ్మదనుకుంది. నమ్మకపోవడమే మంచిదని కూడా అనుకుంది.

మర్నాడు పొద్దున సెంటరుకు పోయేముందు ఆమె ఫ్యాక్టరీకి పోయింది. తెర మీద ఒక గది పసుపు తిరిగి ఉంది. నాగులమ్మ కిటికీలోంచి ఆ అంకె చూసుకుని నేరుగా ఆ గది దగ్గరికి నడిచింది. తలుపు దగ్గర ఆగి వాసన చూడలేదు. లోపల కాయ తీసి నొక్కలేదు. గడియ తీసి, "బెల్టుకు ఎత్తండి," అని కేకేసింది.

కృపామణి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. రంగు సరిగ్గా ఉందని తెలుసు, తనే పెట్టింది, తనే సరిచూసింది. అయినా ఆగలేకపోయింది. పరుగున పోయి ముందున్న ట్రేలోంచి ఒక కాయ తీసి రెండు చేతులా నొక్కి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. బాగా మాగి ఉంది. అడుగు ట్రేలోంచి ఇంకొకటి తీసింది.

నాగులమ్మ తువ్వాలు బిగించుకుంటూ కూతుర్ని చూసి నవ్వింది.

"ఏం పాపా, నువ్వు పెట్టిన రంగు నువ్వే నమ్మకపోతే ఎట్లబ్బా?" అంది.

కృపామణి ఆ రెండో కాయను కూడా నొక్కి, వాసన చూసింది. చేతిలోని కాయను ట్రేలో పెట్టేసి, ఆ తర్వాతి ట్రేలోది తీసుకుంది.